రెక్కలొచ్చినా... ఎగరలేక!

లైసెన్సు చేతికందినా తొలి కొలువు గగనమే
కొరత కెప్టెన్లకు... ఎదురుచూపులు కొత్త పైలట్లకు

మాచర్ల: విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ పరిసర గ్రామాల ప్రజలకు శిక్షణ విమానాల మోత కొత్త కాదు. మిరప తోటల్లో కాయ కోస్తూ తలెత్తి చూసిన కుటుంబాల నుంచే ఇప్పుడు పైలట్ కావాలన్న పిల్లలు బయలుదేరుతున్నారు. ఇంటర్ ఎంపీసీ పూర్తయితే ఇంజినీరింగ్ తప్ప మరో దారి తెలియని పల్నాడు పల్లెల్లో ఇది ఆహ్వానించదగ్గ మార్పే. అయితే లైసెన్సు వచ్చిన మరుసటి నెలకే జీతం వచ్చి పడుతుందన్న నమ్మకంతో ఆస్తులు తాకట్టు పెడుతున్న తల్లిదండ్రులకు ఆ తరువాతి కథ ఎవరూ చెప్పడం లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, తొలి జీతానికి నడుమ ఉన్న కాలమే ఈ చదువులో అన్నిటికన్నా ఖరీదైన కాలం. దానికి సిలబస్ లేదు, గడువు లేదు, బ్యాంకు రుణమూ లేదు.

ఈ ప్రాంతానికి చెందిన ఒక యువకుడు 2023లో సీపీఎల్ అందుకున్నాడు. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, పాఠశాలలో శాలువా కప్పారు. ప్రస్తుతం అతడు హైదరాబాద్‌లో ఒక శిక్షణ కేంద్రంలో తన తరువాతి వారికి వాతావరణ శాస్త్రం, నావిగేషన్ పాఠాలు చెబుతున్నాడు. వచ్చే జీతం గది అద్దెకు, భోజనానికి సరిపోతుంది. పండుగకు ఇంటికి వస్తే రచ్చబండ దగ్గర పెద్దలు "ఏం బాబూ, విమానం ఎప్పుడు తోలతావు?" అని ప్రేమగానే అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి గత సంక్రాంతికి ఊరికి రాలేదని అతడి తండ్రి చెప్పుకొచ్చారు. కుర్రాడి చదువులో లోపమేమీ లేదు. డీజీసీఏ పరీక్షలన్నీ గట్టెక్కాడు. రెండు విమానయాన సంస్థల రాత పరీక్షల వరకు వెళ్లాడు. ఒకచోట సిమ్యులేటర్ పరీక్షలో ఆగిపోయాడు. రెండోచోట నియామకాలే వాయిదా పడ్డాయి.

కల ఖరీదు ఎంత?

సీపీఎల్‌కు దేశంలో కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యుడిగా నడపాలి. ఒక ఊరి నుంచి మరో ఊరికి చేసే దూర ప్రయాణాలు 20 గంటలు, పరికరాల ఆధారంగా నడపడం 10 గంటలు, రాత్రి వేళ 5 గంటలు ఉండాలి. దీనికి తోడు నావిగేషన్, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు, సాంకేతిక విషయాల్లో డీజీసీఏ రాత పరీక్షలు, రేడియో టెలిఫోనీ లైసెన్సు తప్పనిసరి. రాత పరీక్షలో 70 శాతం వస్తేనే ఉత్తీర్ణత. శిక్షణ సంస్థను, విమానాన్ని, దేశాన్ని బట్టి ఈ మొత్తానికి సుమారు 50 లక్షల నుంచి 80 లక్షల రూపాయల వరకు ఖర్చవుతోంది.

ఈ అంకె మన రైతుకు అర్థం కావాలంటే మిర్చి లెక్కలోనే చెప్పాలి. ధరలు పడిపోయినప్పుడు 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం మన మిర్చికి ఖరారు చేసిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ ధరకు 60 లక్షలు కూడాలంటే 509 క్వింటాళ్లు అమ్మాలి. ఎకరాకు 20 క్వింటాళ్లు పండిందనుకున్నా 25 ఎకరాల పంట మొత్తం కావాలి. అదీ ఎరువు, పురుగుమందు, కోత కూలి ఒక్క పైసా తీయకుండా!

అప్పు పుట్టడంలోనూ పల్లె వారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పెద్ద మొత్తం విద్యారుణాలకు బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. పదెకరాల మాగాణి ఉందని రైతు పాసుపుస్తకం చూపిస్తే మేనేజర్ పెదవి విరుస్తాడు. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం, తన 31వ సెక్షన్‌లో వ్యవసాయ భూమిని మినహాయించింది. రైతును కాపాడేందుకు పెట్టిన ఈ నిబంధనే రైతు బిడ్డ చదువు దగ్గరకు వచ్చేసరికి అడ్డుగోడగా నిలుస్తోంది. పట్టణంలో ఇల్లో, స్థలమో ఉంటే పని జరుగుతుంది. లేనివారు ప్రైవేటు వడ్డీకి పరుగెత్తుతున్నారు. రెండు రూపాయల వడ్డీకి 60 లక్షలు తెస్తే నెలకు 1.20 లక్షలు వడ్డీకే పోతుంది. అదే బ్యాంకులో 11 శాతానికి దొరికినా నెలకు 55 వేలు. చదువు ముగిసిన తరువాత సాధారణంగా ఏడాది పాటు వాయిదాలకు వెసులుబాటు ఉంటుంది గానీ వడ్డీ గడియారం మాత్రం ఆగదు.

రెండో బిల్లు

ఇంతా చేసి లైసెన్సు తెచ్చుకున్న పిల్లవాడు నేరుగా ఎయిర్‌బస్ ఎక్కలేడు. శిక్షణలో అతడు నడిపింది చిన్న విమానం. విమానయాన సంస్థలు నడిపేవి ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737, ఏటీఆర్ వంటివి. వీటిలో దేన్ని నడపాలన్నా ఆ రకం విమానానికి ప్రత్యేక శిక్షణ పొంది, దాన్ని లైసెన్సులో నమోదు చేయించుకోవాలి. దీన్నే టైప్ రేటింగ్ అంటారు. ఎక్కువ భాగం సిమ్యులేటర్‌పైనే సాగే ఈ శిక్షణకు మరో 15 లక్షల నుంచి 20 లక్షల రూపాయలు చెల్లించుకోవాల్సి వస్తోంది. కుటుంబాలు కుదేలవుతున్నది ఈ రెండో బిల్లు దగ్గరే. మొదటి బిల్లు సంగతి ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. రెండోది లైసెన్సు వచ్చిన తరువాత తెలుస్తుంది.

ఇక్కడ ఒక జూదం కూడా ఉంది. ఉద్యోగం ఖాయం కాకముందే సొంత డబ్బుతో ఎ320 రేటింగ్ చేసుకున్నవారికి, ఆ ఏడాది నియామకాలు 737కో, ఏటీఆర్‌కో జరిగితే ఆ రేటింగ్ అక్కరకు రాదు. పైగా నేర్చుకున్న విద్య వాడకపోతే కాగితం మీద కూడా నిలవదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు ఏటా పరీక్ష ఇవ్వాలి. క్లాస్-1 వైద్య పరీక్ష ఏటా చేయించుకోవాలి. రేటింగ్ పాతబడితే మళ్లీ సిమ్యులేటర్ అద్దె కట్టాలి. లైసెన్సు చెల్లుబాటును 2023లో 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచి ప్రభుత్వం కొంత ఉపశమనం కలిగించిన మాట నిజమే. అయితే లైసెన్సు పుస్తకం బతికి ఉండటం వేరు, దానితో ఉద్యోగానికి అర్హత నిలుపుకోవడం వేరు. ఖాళీగా కూర్చోవడానికి కూడా డబ్బు కట్టాల్సిన చదువు ఇదొక్కటే కాబోలు.

అమెరికాలో 2013 నుంచి విమానయాన సంస్థలో కో-పైలట్‌గా చేరాలన్నా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. అక్కడి కొత్త పైలట్లు శిక్షకులుగా పనిచేస్తూ, జీతం తీసుకుంటూ ఆ గంటలు కూడబెట్టుకుంటారు. మన దేశంలో 200 గంటలకే పెద్ద విమానంలో కుడి సీటు దక్కే అవకాశం ఉంది. వినడానికి మనదే సులువైన దారి. కానీ ఆ కుడి సీటు దొరకనివాడు మధ్యలో నిలబడటానికి మెట్టు లేదు. శిక్షకుల ఉద్యోగాలు కొద్ది. చార్టర్ విమానాల్లో అవకాశాలు ఇంకా కొద్ది. 200 గంటల దగ్గర ఆగిపోయిన లాగ్‌బుక్‌లో 201వ గంట రాయాలంటే మళ్లీ సొంత జేబులోంచే విమానం అద్దె కట్టాలి.

కొరత నిజమే... కానీ ఎవరికి?

దేశంలో పైలట్ల కొరత ఉందని పత్రికలు రాస్తున్నాయి, టీవీలు చెబుతున్నాయి. శిక్షణ సంస్థల కరపత్రాలన్నీ దీన్నే పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తున్నాయి. ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. రాబోయే 15, 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు అవసరమవుతారని మన శ్రీకాకుళానికి చెందిన కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో చెప్పారు. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే తండ్రుల చెవికి చేరేసరికి 15, 20 ఏళ్లు అన్న మాట రాలిపోయి, 30 వేల ఉద్యోగాలు అన్న మాటే మిగులుతోంది.

ఆ అంకెనే భాగిస్తే సంగతి తెలుస్తుంది. ఇరవై ఏళ్లకు 30 వేలంటే ఏడాదికి 1,500. పదిహేనేళ్లకైతే 2,000. డీజీసీఏ 2021లో 862, 2022లో 1,165, 2023లో 1,622 సీపీఎల్‌లు జారీ చేసింది. 2024లో అవి కొంత తగ్గినా 1,300 దాటాయి. అంటే మంత్రి చెప్పిన అవసరానికి కాస్త అటూ ఇటూగా కొత్త లైసెన్సులు ఏటా వస్తూనే ఉన్నాయి. గత సంవత్సరాల్లో లైసెన్సు తీసుకుని ఇంకా ఉద్యోగం రాని వారు ఈ వరుసలో ముందే నిలబడి ఉన్నారు.

అసలు గుట్టు 2025 డిసెంబరులో బయటపడింది. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనల రెండో దశ నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ కొత్త నిబంధనల కింద వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి వేళ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. అందుకు తగిన సిబ్బంది లేక ఇండిగో డిసెంబరు మొదటి వారంలో వేల సర్వీసులు రద్దు చేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. శంషాబాద్‌లో ప్రయాణికులు పడిన అగచాట్లు అందరూ చూశారు. ఇంత కొరత ఉంటే మన పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు రావని ఆ రోజుల్లో ఈ విలేకరిని అడిగిన వారు ఉన్నారు.

సమాధానం అప్పుడు వెలుగులోకి వచ్చిన లెక్కల్లోనే ఉంది. ఎ320 విమానాలకు ఆ సంస్థకు కావలసిన కెప్టెన్లు 2,422 మంది కాగా ఉన్నది 2,357 మంది. అంటే 65 మంది తక్కువ. కావలసిన ఫస్ట్ ఆఫీసర్లు, అంటే కో-పైలట్లు 2,153 మంది కాగా ఉన్నది 2,194 మంది. అంటే 41 మంది ఎక్కువ! దేశమంతా పైలట్ల కొరత అని గగ్గోలు పెట్టిన వారంలోనే, కొత్తవారు చేరాల్సిన కుడి సీటులో లోటు లేదు. ఖాళీ ఉన్నది ఎడమ సీటులో. అక్కడ కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి. దానికి కనీసం 1,500 గంటల అనుభవం ఉండాలి. సంస్థలు సాధారణంగా అంతకన్నా ఎక్కువే అడుగుతాయి. ఏడాదిలో ఒక పైలట్ 1,000 గంటలకు మించి ఎగరరాదన్న నిబంధన ఉంది గనుక, నిన్న చేరిన కుర్రాడు కెప్టెన్ కావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ ముడిలో మరో పీట ముడి ఉంది. టైప్ రేటింగ్ పూర్తయిన కొత్త పైలట్ మొదట కొంతకాలం శిక్షణ ఇచ్చే కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికుల విమానాల్లో పని నేర్చుకోవాలి. కెప్టెన్లే తక్కువైనప్పుడు శిక్షణ ఇచ్చే కెప్టెన్లు ఇంకెంత తక్కువో చెప్పనక్కరలేదు. కాబట్టి కెప్టెన్ల కొరత కొత్తవారికి ఉద్యోగాలు తేకపోగా, వారి చేరికను ఇంకా ఆలస్యం చేస్తుంది. కరపత్రాలు అచ్చు వేసేవారికి ఇది తెలియక కాదు.

తలుపులు మూసుకున్న రోజులు

ఈ రంగం ఒకేసారి విరగకాసి ఒకేసారి ఎండిపోతుందన్నది గత రెండు దశాబ్దాల అనుభవం. 2003లో ఎయిర్ డెక్కన్ చౌక టిక్కెట్లతో మొదలై, 2005, 2006 నాటికి కింగ్‌ఫిషర్, స్పైస్‌జెట్, గోఎయిర్, ఇండిగో వరుసగా వచ్చాయి. అప్పుడు కూడా ఇదే మాట. పైలట్లు చాలడం లేదని విదేశీయులను తెచ్చుకున్నారు. ఆ ఊపు చూసి శిక్షణకు వెళ్లిన పిల్లలు లైసెన్సు పట్టుకుని తిరిగి వచ్చేసరికి 2008 మాంద్యం ఎదురైంది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ నిలిచిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. నడుమ కరోనా సరేసరి. ఒక సంస్థ మూతపడినప్పుడల్లా వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు బజారున పడతారు. మిగిలిన సంస్థలు ముందు వారినే తీసుకుంటాయి. 200 గంటల కుర్రాడు వరుసలో మళ్లీ వెనక్కు జరుగుతాడు.

మరోవైపు పెద్ద సంస్థలు క్యాడెట్ పథకాల ద్వారా శిక్షణకు ముందే అభ్యర్థులను ఎంపిక చేసుకుంటున్నాయి. లైసెన్సు, టైప్ రేటింగ్ అన్నీ కలిపి దీని ఖర్చు కోటి రూపాయలు దాటుతున్నా, చివర ఉద్యోగం దొరికే అవకాశం మెరుగు. ఎయిరిండియా 2024లో అమరావతిలో శిక్షణ అకాడమీ పెడుతున్నట్లు ప్రకటించినప్పుడు మన ప్రాంతంలో కొందరు సంబరపడ్డారు. అది మన అమరావతి కాదు, మహారాష్ట్ర విదర్భలోని అమరావతి. ఈ పథకాల వల్ల బయట సొంతంగా చదువుకున్నవారికి మిగిలే సీట్లు తగ్గుతున్నాయన్నది మాత్రం దాచలేని నిజం.

ఎక్కడ చదివామన్నది కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తోంది. డీజీసీఏ 2025లో తొలిసారి శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించింది. ర్యాంకులు పొందిన 35 సంస్థల్లో ఒక్కటి కూడా 'ఎ ప్లస్', 'ఎ' శ్రేణుల్లో నిలవలేదు. 13 సంస్థలు 'బి'లో, 22 'సి'లో ఉన్నాయి. విమానాలు చాలక, శిక్షకులు చాలక ఏడాదిన్నరలో ముగియాల్సిన 200 గంటలు మూడేళ్లకు సాగిన ఉదంతాలు విద్యార్థులు కథలుగా చెబుతారు. ఆ ఆలస్యంలోనూ హాస్టల్ ఖర్చు, వడ్డీ నడుస్తూనే ఉంటాయి. ప్రమాదం సంగతీ దాచరాదు. 2022 ఫిబ్రవరి 26న సాగర్ అవతలి ఒడ్డున నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న ఒక యువతి ప్రాణాలు కోల్పోయిన సంఘటన ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు.

దళారులు ఉన్నారు జాగ్రత్త

ఎదురుచూపులు ఎక్కువైన చోట దళారులు పుడతారు. ఫలానా సంస్థలో మనవాళ్లున్నారని, ఐదు లక్షలు కడితే ఇంటర్వ్యూ ఇప్పిస్తామని ఫోన్లు వస్తున్నట్లు తల్లిదండ్రులు చెబుతున్నారు. నియామకానికి రాత పరీక్ష, సైకోమెట్రిక్ పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. డబ్బు కట్టి సిమ్యులేటర్‌లో విమానాన్ని దించలేరు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్ల ఉదంతాలు వెలుగుచూసి అరెస్టుల వరకు వెళ్లిన తరువాత కాగితాల తనిఖీ కఠినమైంది. అడ్డదారి తొక్కితే ఉన్న లైసెన్సు కూడా పోతుంది.

ఇవన్నీ చెప్పి పల్లె పిల్లలను వెనక్కు లాగడం ఈ కథనం ఉద్దేశం కాదు. ఉద్యోగం దొరికినవారు మొదటి ఒకటి రెండేళ్లలోనే నెలకు లక్ష దాటిన జీతం అందుకుంటున్నారు, కెప్టెన్ అయితే అంతకు ఎన్నో రెట్లు. కానీ బయలుదేరే ముందు మూడు లెక్కలు ఒకే కాగితం మీద వేసుకోవాలి. శిక్షణకు ఎంత, టైప్ రేటింగ్‌కు ఎంత, ఉద్యోగం లేకుండా కనీసం రెండేళ్లు గడవడానికి ఎంత. మూడో లెక్కకు డబ్బు లేనివారు రాయ్‌బరేలీ దగ్గరి ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష వంటివాటిని ముందు ప్రయత్నించడం మేలు. ఫీజు అక్కడా తక్కువ కాదు. ప్రవేశం మాత్రం పరీక్ష ద్వారానే. డిగ్రీ కూడా దూరవిద్యలోనైనా పూర్తి చేసుకోవడం అవసరం. లైసెన్సు తప్ప చేతిలో మరే పట్టా లేనివారు ఎదురుచూసే కాలంలో ఏ ఉద్యోగానికీ దరఖాస్తు చేయలేక నలిగిపోతున్నారు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది వైద్య పరీక్ష. మొదట క్లాస్-2, ఆ తరువాత క్లాస్-1. రంగులు గుర్తించడంలో లోపమో, మరొకటో బయటపడితే కమర్షియల్ పైలట్ దారి అక్కడే మూసుకుపోవచ్చు. సగం ఫీజు కట్టిన తరువాత అది తెలిసిన కుటుంబం ఒకటి ఈ డివిజన్‌లోనే ఉంది.

దుర్గి వైపు ఒక గ్రామానికి చెందిన మిర్చి రైతు ఈ నెలలో ఈ విలేకరిని కలిశారు. ఇంటర్ పూర్తయిన కుమార్తెను పైలట్ చేయాలన్నది ఆయన కోరిక. నాలుగెకరాలు అమ్మకానికి బేరం కూడా కుదిరింది. పై లెక్కలన్నీ విని చాలాసేపు మాట్లాడలేదు. పక్కనే ఉన్న ఆ అమ్మాయి మాత్రం ఎ320 అంకెలను రెండుసార్లు అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది. వచ్చే వారం ఇద్దరూ క్లాస్-2 వైద్య పరీక్షకు హైదరాబాద్ వెళుతున్నారు. బేరం కుదుర్చుకున్న వ్యక్తిని అప్పటిదాకా ఆగమన్నారు.